పెరటి రైలుకి ఇరవై చెట్లు

వెనక వరండా,
అక్టోబరు 6.

మరిదిగారికి,

మీ తుంటి ఎముక అతుక్కుంటోందని మీ అమ్మాయి ఫోనులో చెప్పింది. సంతోషం.

విషయానికి వస్తాను. మీ అన్నగారు పోయి పదకొండు నెలలైంది. పెరట్లో మీరిద్దరూ కలిసి వేసిన బొమ్మ రైలు మార్గం అలాగే ఉంది. నిన్న టేపు పెట్టి కొలిచాను. ఇత్తడి పట్టాలు ఎనభై నాలుగు మీటర్లు, వంతెనలు రెండు, సొరంగం ఒకటి, స్టేషన్లు మూడు. ప్లాస్టిక్ చెట్లు అరవై రెండు. వాటిలో ఎండకి వెలిసి తెల్లబడ్డవి నలభై, తలలు లేనివి పదిహేడు. మిగిలిన ఐదూ చెట్లలా లేవు. కొన్ననాడు కూడా లేవు.

పెరడులో మూడింట రెండు వంతులు దీని కిందే పోయింది. బట్టలు ఆరేయాలంటే నేను ఒక స్టేషన్ చుట్టి, ఒక వంతెన దాటి వెళ్ళాలి. నాకు డెబ్బై ఒకటి. అందుచేత మార్గం తీయించి నేలంతా రాళ్ళు పరిపించాలని నిశ్చయించాను. మేస్త్రీ వచ్చి చూసి వెళ్ళాడు. వచ్చే నెల మొదటి వారం అతనికి ఖాళీ.

ఇంజన్లు, పెట్టెలు మీ చేత్తో చేసినవి కనుక మీకు చేరడం న్యాయం. అట్టపెట్టెల్లో సర్ది పంపుతాను. ఏ పెట్టెలో ఏముందో జాబితా జతచేస్తాను.

వదిన.


మూడో అంతస్తు, మంచం మీది నుంచి,
అక్టోబరు 11.

వదినా,

"మరిదిగారికి" అని మొదలుపెట్టారు. పైగా "మీరు" అన్నారు. నలభై ఆరేళ్ళుగా నన్ను నువ్వు అని తప్ప పిలవని మనిషి ఇంత గౌరవం ఇచ్చారంటే, ఆ మేస్త్రీ నిజంగానే కొలతలు తీసుకుని వెళ్ళి ఉంటాడు. మా అమ్మాయి మీ ఉత్తరం చదివి, "పెద్దమ్మ ఎంత మర్యాదగా రాసింది నాన్నా!" అంది. "అందుకే నాకు చెమటలు పడుతున్నాయే" అన్నాను.

ఒక్క మాట వినండి. ప్లాస్టిక్ చెట్ల గురించి మీరన్నది నూటికి నూరుపాళ్ళు నిజం. అన్నయ్యకీ తెలుసు. పోయే ముందు మేమిద్దరం అనుకున్నది కూడా అదే. ఆ చెత్తంతా పీకేసి బతికున్న చెట్లు పెట్టాలని. మీ పెరటి చుట్టూ సైప్రస్ కంచె ఉంది కదా, ఏటా మీరు కత్తిరించి పారేసే రెమ్మలు చాలు. దాని ఆకు పొలుసుల్లా సన్నగా ఉంటుంది కాబట్టి వేలెడు రెమ్మ కూడా ముదురు చెట్టులాగే కనిపిస్తుంది. మన బండి అసలు బండిలో ఇరవై రెండో వంతు. దాని పక్కన జానెడు మొక్క నిలబెడితే పదహారు అడుగుల చెట్టు. అన్నయ్య సర్వేయరు బుర్రతో లెక్క కట్టి మరీ చూపించాడు. అదే ఆయన ఆఖరి కోరిక అనుకోండి.

నేనే వచ్చి నాటేవాణ్ణి. లిఫ్టు లేదు, కాలు నా మాట వినడం లేదు. రెమ్మలు వేళ్ళు వేసేదాకా మేస్త్రీని ఆపండి. మీరు ఆపగలరు. మీరు ఆపమంటే సిమెంటు కూడా గట్టిపడకుండా ఆగుతుంది.

మీ లేత్ మెషిన్ మరిది.


వెనక వరండా,
అక్టోబరు 20.

మరిదిగారికి,

ఆఖరి కోరిక అని మీరు రాసిన వాక్యం రెండుసార్లు చదివాను.

నా నిర్ణయం ఇది. ఈ రోజు నలభై సైప్రస్ రెమ్మలు తీసి, ఇసుక నింపిన రెండు తొట్టెల్లో గుచ్చాను. ఒక్కొక్కటీ నాలుగు అంగుళాలు. కింద కాస్త బెరడు తోక ఉండేలా కొమ్మ నుంచి చీల్చి తీశాను. ముప్పై నాలుగేళ్ళు బడి పిల్లలకి వృక్షశాస్త్రం చెప్పినదాన్ని; దీనికి సలహాలు పంపనక్కర్లేదు. ఒకటి నుంచి నలభై వరకు నంబర్లు వేసి రిజిస్టరు తెరిచాను.

గడువు ఏప్రిల్ 30. ఆనాటికి ఇరవై రెమ్మలు బతికి ఉంటే మార్గం ఉంటుంది. పందొమ్మిదైతే మేస్త్రీ వస్తాడు. లెక్క నాది. నా లెక్క మీద మీకు అనుమానం ఉండదని అనుకుంటున్నాను.

రెమ్మలన్నీ కంచె పక్కల నుంచే తీశాను. కంచె పై అంచుని నేను దారం కట్టి కత్తిరిస్తాను. పదహారేళ్ళుగా అందులో వంకర లేదు. మీ రైలు కోసం దాన్ని పాడుచేయను.

వదిన.


మూడో అంతస్తు, మంచం,
అక్టోబరు 26.

వదినా,

మీ లెక్క మీద అనుమానమా? మా పెళ్ళికి వచ్చిన చుట్టాల్లో ఎవరు రెండుసార్లు భోజనం చేశారో చెప్పింది మీరే.

సలహా కాదు, కబురు మాత్రమే. మా కింది అంతస్తులో మొక్కల నర్సరీ నడిపే ఆవిడ ఉంది. మా అమ్మాయి చేత అడిగించాను. పక్క కొమ్మ నుంచి తీసిన రెమ్మ వేళ్ళు వేసినా, తాను ఇంకా కొమ్మననే అనుకుంటుందట. జన్మంతా ఒక పక్కకి వాలే పెరుగుతుంది. నిటారుగా చెట్టులా లేవాలంటే పైన కొసల నుంచే తియ్యాలట. రెండోది, వేళ్ళు వచ్చాయో లేదో అని లాగి చూడకూడదట.

వాలినా పరవాలేదు లెండి. అన్నయ్యా నేనూ కూడా నిటారుగా ఏం పెరిగాం గనక.

మరిది.


వెనక వరండా,
డిసెంబరు 12.

మరిదిగారికి,

నలభైలో ముప్పై ఏడు పచ్చగా ఉన్నాయి. పోయినవి 6, 21, 33. మీరు నిశ్చింతగా ఉండవచ్చు. నేను ఇంకా ఉండటం లేదు, కానీ అది నా స్వభావం.

మరొక సంగతి తెలియజేయాలి. ఇత్తడి పట్టాలకి చిలుము పడుతోంది. బండి నడుస్తూ ఉంటే పట్టదని మీ అన్నగారు అనేవారు. ఏప్రిల్‌లో మార్గం ఉంటుందో లేదో తేలే వరకు దాన్ని పాడుపెట్టడం నాకు ఇష్టం లేదు. అందుచేత రోజుకి రెండుసార్లు బండి నడుపుతున్నాను. ఉదయం 7.10, సాయంత్రం 4.40. ఇది కేవలం పట్టాల సంరక్షణ కోసం. నిన్నటి సాయంత్రపు బండి మూడు నిమిషాలు ఆలస్యమైంది. కారణం, ఆరేసిన బట్టలు తీస్తున్నాను. ఇకముందు బట్టలు 4.30కే తీస్తాను.

రెండో స్టేషన్ దగ్గర మలుపులో వెనక పెట్టె ఊగుతోంది. పడిపోతుందా? వెంటనే రాయండి.

వదిన.


మూడో అంతస్తు, కిటికీ పక్క కుర్చీ,
డిసెంబరు 18.

వదినా,

చూశారా, కిటికీ దాకా వచ్చాను. ఊతకర్ర ఒకటి, మా అమ్మాయి తిట్లు రెండు. ఆ మూడింటి సాయంతో.

వెనక పెట్టె పడదు. అది పుట్టినప్పటి నుంచీ అంతే. చక్రం ఇరుసు లేత్ మీద ఒక వెంట్రుకవాసి పక్కకి తిరిగింది. అన్నయ్య చూసి, "ఉండనీరా, అది కాస్త ఊగితేనే అసలు బండిలా ఉంటుంది" అన్నాడు. నా తప్పుని అంత అందంగా ఎవరూ దాచలేదు.

ఒక చేదు మాట. ముప్పై ఏడూ పచ్చగా ఉన్నాయన్నారు కదా. నర్సరీ ఆవిడ నవ్విందట. ఈ జాతి రెమ్మ చచ్చిపోయాక కూడా రెండు మూడు నెలలు పచ్చగానే నిలబడుతుందట. మా పాత ఫోర్‌మన్ కూడా అలాంటివాడే. రిటైరైన సంగతి తెలియక మరో ఏడాది పనికి వచ్చాడు. పచ్చదనాన్ని లెక్కపెట్టకండి. అసలు సంగతి ఇసుక కింద ఉంటుంది.

మరిది.


వంటింటి కిటికీ,
ఫిబ్రవరి 4.

మరిదికి,

తొట్టెలు వంటింట్లోకి మార్చాను. పొయ్యి వెచ్చదనం తగిలితే వేళ్ళు త్వరగా వస్తాయి.

మీ నర్సరీ ఆవిడ చెప్పినట్టే జరిగింది. జనవరిలో మూడు వారాల్లో పదమూడు గోధుమరంగుకి తిరిగాయి. ఒకదాని తర్వాత ఒకటి, హాజరు పిలిచినట్టు. పద్నాలుగోది 17వ నంబరు. అది దానంతట అది పోలేదు. నేను లాగి చూశాను. అడుగున తెల్లటి బుడిపె ఉంది, వేరు లేదు. మళ్ళీ గుచ్చాను. వారంలో ఎండిపోయింది. రిజిస్టరులో "కారణం" అన్న చోట నా పేరు రాశాను.

ప్రస్తుతం ఇరవై మూడు. అన్నీ తూర్పుకే వాలి ఉన్నాయి. కొమ్మలు తీసినదాన్ని నేనే కనుక వాటిని తప్పుపట్టలేను.

ఇంకో మూడు పోయినా ఇరవై నిలుస్తాయి. నువ్వు కాలికి చెప్పిన వ్యాయామాలు చేస్తున్నావా? మీ అమ్మాయి చెయ్యడం లేదంటోంది.

వదిన.


మూడో అంతస్తు, కిటికీ,
ఫిబ్రవరి 9.

వదినా,

మళ్ళీ "నువ్వు" అన్నారు. వ్యాయామాలు చేస్తున్నాను. ఇక చేస్తాను.

మరిది.


వంటింటి కిటికీ,
మార్చి 14.

మరిదికి,

ఇరవై. సరిగ్గా ఇరవై. గడువుకి ఇంకా నెలా పదహారు రోజులుంది. ఇప్పుడున్నవి గట్టివి, ఇకముందు పోవు. వీటిలో పదిహేను తూర్పుకి వాలి ఉన్నాయి. ఐదు నిటారుగా ఉన్నాయి. కనుక మార్గం ఉంటుందని నువ్వు అనుకోవచ్చు.

ఉదయపు బండి ఈ నెలలో ఒక్కరోజు కూడా ఆలస్యం కాలేదు.

ఆస్పత్రిలో నర్సుగా చేసే మన మనవరాలు ఆదివారం వచ్చి వెళ్ళింది. పెరట్లో నిలబడి, "నాయనమ్మా, కంచెకి పైన పళ్ళూడాయేంటి? ఐదు చోట్ల బోసిగా ఉంది" అంది. పిల్లి చేసిందని చెప్పాను. "ఏ పిల్లి? మన వీధిలో పిల్లే లేదుగా" అంది. నేను మాట మార్చి, ఆస్పత్రిలో దాని డ్యూటీ వేళల గురించి అడిగాను. జరిగిన నష్టం కనుక నీకూ తెలియజేస్తున్నాను. కంచె పై అంచు, ఐదు చోట్ల.

వదిన.


మూడో అంతస్తు, కిటికీ,
మార్చి 20.

వదినా,

మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నేను చదువుకున్నవాణ్ణి కాదు, కానీ నలభై ఏళ్ళు వెంట్రుకవాసి తేడాలు పట్టుకుని జీతం తీసుకున్నాను.

ఫిబ్రవరిలో ఇరవై మూడూ తూర్పుకే వాలాయన్నారు. మార్చిలో ఐదు లేచి నిలబడ్డాయి. పక్క కొమ్మ రెమ్మ ఐదు వారాల్లో నిటారుగా లేవదు. ఐదేళ్ళయినా లేవదు. నిటారుగా ఉండేది పైన కొస నుంచి తీసిన రెమ్మే. మీ కంచెకి పైన ఐదు కొసలు లేవు. ఏ పిల్లీ కత్తెర పట్టదు. పట్టినా సరిగ్గా ఇరవై లెక్కకి సరిపడేలా ఐదు దగ్గర ఆగదు.

ఇప్పుడు గుచ్చిన రెమ్మకి ఏప్రిల్ ఆఖరుకి వేళ్ళు రావు. కానీ పచ్చగా ఉంటుంది. ఆ మాట మీకు రాసింది నేనే.

వదినా, మీరు దొంగలెక్క రాశారా? మీరు? మా అమ్మాయికి చెబితే నమ్మలేదు. నాకు నిన్నంతా నవ్వాగలేదు. తుంటి నొప్పి పుట్టింది.

మరిది.


వెనక వరండా,
మార్చి 27.

మరిదికి,

నువ్వు రాసింది నిజం. ఇందులో నవ్వడానికి ఏముందో నాకు అర్థం కాలేదు.

మార్చి 2న లెక్క చూస్తే పదిహేనే మిగిలాయి. ఆ రోజు సాయంత్రపు బండి వెళ్ళాక కత్తెర తీసుకుని నిచ్చెన వేశాను. ఐదు కొసలు కోశాను. 4, 12, 19, 28, 37 నంబర్ల గుంటల్లో గుచ్చాను. పాత నంబర్లే ఉంచాను. ముప్పై నాలుగేళ్ళలో ఒక్క పిల్లకి అరమార్కు ఎక్కువ వెయ్యలేదు. ఒకసారి హెడ్‌మాస్టారి కూతురు పరీక్ష పోయినా వెయ్యలేదు. ఆ చేతులతోనే ఇది చేశాను. రిజిస్టరులో ఆ పేజీ చింపలేదు. ఎర్ర సిరాతో సరిదిద్ది, కింద సంతకం పెట్టాను.

నీకు ఒక సంగతి చెప్పలేదు. మీ అన్నయ్య పోయిన సాయంత్రం పెరట్లోనే ఉన్నారు. నేను లోపలి నుంచి రెండుసార్లు పిలిచాను. "ఈ బండి ఒక్కటీ వెళ్ళనీ" అన్నారు. మూడోసారి వెళ్ళేసరికి కుర్చీలో ఒరిగి ఉన్నారు. బండి తిరుగుతూనే ఉంది. దాన్ని ఆపడం నాకు తెలియలేదు. పక్కింటి డ్రాయింగు మాస్టారు వచ్చి ఆపారు. పదకొండు నెలలు దాని మొహం చూడలేదు. అందుకే మేస్త్రీని పిలిచాను. రాళ్ళ వల్ల కాదు, బట్టల వల్ల కాదు.

నియమం నేను పెట్టాను. నేనే తప్పాను. లెక్క పదిహేను. గడువు దాకా ఆగడం ఆత్మవంచన. మేస్త్రీకి కబురు పంపాను. ఏప్రిల్ 5, సోమవారం వస్తాడు. అట్టపెట్టెలు తెప్పించాను.

వదిన.


రెండో అంతస్తు, మెట్ల మీద,
మార్చి 30.

వదినా,

అడ్రసు సరిగ్గా చదవండి, రెండో అంతస్తు. ఈ ఉత్తరం సోమవారంలోగా చేరాలని పోస్టు డబ్బా కోసం దిగుతున్నాను. మా అమ్మాయి ఆఫీసుకి వెళ్ళింది. ఫోను చేస్తే మీరు, "ఏదైనా ఉంటే కాగితం మీద పెట్టు" అంటారు. అందుకని పెడుతున్నాను. ఇక్కడ కూర్చుని ఊపిరి తీసుకుంటూ రాస్తున్నాను. అక్షరాలు వంకరపోతే క్షమించండి.

అన్నయ్య బతికున్న చెట్ల గురించి ఎప్పుడూ అనలేదు. ఒక్కమాట కూడా అనలేదు. పదహారు అడుగుల లెక్క నాది. ఆఖరి కోరిక కూడా నాదే. మీ మొదటి ఉత్తరం వచ్చిన రోజు మంచం మీద పడుకుని, మా అమ్మాయి కిటికీలో పెట్టుకున్న బుల్లి సైప్రస్ కుండీ చూస్తూ కల్పించాను. చనిపోయిన మనిషి నోట్లో నా మాట పెట్టాను. మీరు ఐదు రెమ్మలకి ఎర్ర సిరా వాడారు. నేనైతే మొత్తం రిజిస్టరే ఎర్ర సిరాతో రాయాలి.

కాబట్టి ఆ నియమమే అబద్ధం మీద నిలబడింది. ఇరవై వద్దు, పదిహేను వద్దు. అన్నయ్య కోసం ఉంచకండి, ఆయన అడగలేదు. నా కోసం ఉంచకండి. నేను మీ ఊరు దాకా రాగలనో లేదో డాక్టరే చెప్పలేకపోతున్నాడు. మీకు వద్దంటే సోమవారం రాళ్ళు పరిపించండి, నేను పల్లెత్తు మాట అనను. కానీ మీకు కావాలంటే, కావాలి అని చెప్పండి. మీ నోట ఆ మాట మేం ఎవరం ఎప్పుడూ వినలేదు.

పైనింటావిడ మెట్లు దిగుతూ, "ఏం బాబాయిగారూ, ఇక్కడ కూర్చున్నారు?" అంటోంది. బండి కోసం అని చెప్పి, ఈ ఉత్తరం డబ్బాలో వెయ్యమని ఆవిడ చేతికే ఇస్తున్నాను.

మరిది.


వెనక వరండా,
ఏప్రిల్ 6.

మరిదికి,

నీ ఉత్తరం శనివారం చేరింది. మెట్లు ఒంటరిగా దిగినందుకు మీ అమ్మాయి నిన్ను ఏమని ఉంటుందో ఊహించగలను. నేను అనవలసినవి కూడా అందులో కలుపుకో.

మీ అన్నయ్య అలాంటి కోరిక కోరలేదని నాకు అక్టోబరులోనే తెలుసు. నలభై ఆరేళ్ళలో ఆయన ఒక్క కుండీకి నీళ్ళు పొయ్యలేదు. నేను పుట్టింటికి వెళ్తే మొక్కల బాధ్యత పనిమనిషికి అప్పగించి వెళ్ళేదాన్ని. నువ్వు అబద్ధం రాశావని తెలిసే నలభై రెమ్మలు గుచ్చాను. మేస్త్రీని ఆపడానికి నాకొక కారణం కావాలి. నువ్వు పంపింది పనికొచ్చేలా కనిపించింది.

ఆదివారమంతా ఒక్క వాక్యం కోసం కూర్చున్నాను. రాస్తున్నాను. మార్గం నాకు కావాలి.

సోమవారం ఎనిమిదింటికి మేస్త్రీ గునపంతో వచ్చాడు. "అమ్మగారూ, ఏ పక్క నుంచి పీకమంటారు?" అన్నాడు. పీకొద్దన్నాను. "మరి నన్నెందుకు పిలిచినట్టు?" అన్నాడు. అడగవలసిన ప్రశ్నే. అరగంట ఆలోచించి పని చెప్పాను. పెద్ద స్టేషన్‌ని నేల మీద నుంచి పద్దెనిమిది అంగుళాలు లేపుతున్నాడు. అంటే కుర్చీలో కూర్చున్న మనిషి వంగకుండా బండిని అందుకోవచ్చు. అటూ ఇటూ పదిహేనేసి మీటర్లు వాలుగా గట్టు కడితే నూటికి మూడు ఎత్తు వస్తుంది. లెక్క మూడుసార్లు చూశాను. నీ ఇంజను అంత ఎత్తు ఎక్కుతుందో లేదో నాకు తెలియదు. వచ్చి తేల్చవలసింది నువ్వే. ఒక అంతస్తు దిగినవాడివి మిగతా రెండూ దిగగలవు. రోజుకి నాలుగు మెట్లు చొప్పున దిగినా వేసవి దాటదు.

పదిహేను రెమ్మలూ తొట్టెల నుంచి తీశాను. పదమూడింటికి వేళ్ళున్నాయి. రెండు ఉత్త పచ్చదనం. పదమూడూ, మేస్త్రీ నిన్న మట్టి పోసినంత మేర కొత్త గట్టు మీద వరసగా నాటాను. అన్నీ తూర్పుకే వాలడం వల్ల అక్కడ ఎప్పుడూ గాలి వీస్తున్నట్టు ఉంది. మేస్త్రీ కూడా ఆగి చూసి, "గాలి ఏదమ్మా?" అన్నాడు.

స్టేషన్ దగ్గర రెండు కుర్చీలకి చోటు వదలమన్నాను. గోడ వైపుది నాది. నీడ అటే ఉంటుంది. ఆ విషయంలో వాదన పెట్టుకోవద్దు.

వదిన.